గద మార్కు పళ్ళు, బాణం మార్కు చైను

ఆ ఆదివారం పొద్దున్న జోయెల్ మాస్టారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తెగిపోయిన సైకిలు చైను మార్పించుకుని, పదింటికల్లా సుమ్మాదేవి నుంచి పలాస గుడికి చేరడం, అంతే. ఆ రోజు పాస్టరు చార్లెస్ గారు, పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో అందరి ముందూ చదవాల్సిన అతని పెళ్ళి ప్రకటన మూడోసారి, అంటే ఆఖరుసారి చదువుతారు. పెళ్ళికూతురు మిరియం తండ్రి ఎడ్వర్డ్ రైల్వేలో ఫిట్టరుగా రిటైరైనవాడు. "పెకటన ఏళకి పిల్లడు గుడిలో లేకపోతే ఈ సంబంధం మాకొద్దు" అని ముందే తెగేసి చెప్పాడు. రైలు ఆలస్యమైతే ఓర్చుకుంటాడు గాని, అల్లుడైతే ఓర్చుకోడు.

సుమ్మాదేవి స్టేషను ఎదుట పోలారావు, సన్యాసయ్యల సైకిలు షాపులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకడు గద మార్కు సరుకు తప్ప అమ్మడు, ఇంకొకడు బాణం మార్కు తప్ప ముట్టడు.

"గద చక్రం పళ్ళు సూడండి మాస్టారూ, ఎంత మందమో! పదేళ్ళయినా అరగవు" అన్నాడు పోలారావు.

"మందముంటే ఏటి లాభం? మా బాణం చైను తిప్పి సూడండి, సప్పుడే రాదు!" అన్నాడు సన్యాసయ్య.

జోయెల్ సైన్సు మాస్టారు కావడమే కొంప ముంచింది. కళ్ళు మెరిసిపోతుండగా, "అయితే పరీక్ష పెట్టీదాం! పళ్ళ చక్రాలు గదవి, చైను బాణంది. ఏది ముందు మొరాయిస్తే అది ఓడినట్టు!" అన్నాడు.

ఇద్దరూ సైకిలుకి చెరో పక్కా కూర్చుని, తమ చేతిపని కంటే ఎదుటివాడి చేతిపనినే ఎక్కువ చూస్తూ బిగించారు. తీర్పు దగ్గరుండి వినాలని తమ సైకిళ్ళ మీద వెనకాలే బయల్దేరారు కూడా.

రెండు మైళ్ళు దాటగానే టప్పున చైను ఊడింది.

"సూసినారా! బాణం సాగిపోనాది!"

"నీ గద పళ్ళే చైన్ని కక్కీసినాయిరా!"

ఎక్కించారు. మళ్ళీ ఊడింది. జీడితోటల్లో పనివాళ్ళు, కొబ్బరికాయల బండివాళ్ళు చుట్టూ మూగి, సగం మంది గద వైపు, సగం మంది బాణం వైపు చేరిపోయారు. ఎనిమిదోసారి ఊడేసరికి జోయెల్ తెల్లచొక్కా బొగ్గుబస్తాలా తయారైంది. గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ ముప్పావు!

"నా పెళ్ళి బాబోయ్!" అని కేకపెట్టి, సైకిలు భుజాన వేసుకుని పరుగు లంకించుకున్నాడు. వెనక నలభై మంది.

గుడి గుమ్మంలో కాలు పెట్టేసరికి చార్లెస్ గారు ప్రకటన ముగిస్తున్నారు. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి."

దారంతా తన మాట ఎవరూ పూర్తిగా వినని పోలారావుకి ఇంత మర్యాదగా అడిగినవాడు దొరకడం అదే మొదలు. "నాకుందండి!" అని చెయ్యెత్తాడు.

"నాకూ ఉంది!" అన్నాడు సన్యాసయ్య. వెనకున్నవాళ్ళూ చేతులెత్తారు.

"వోలమ్మో! ఇంతమందికా!" అని మిరియం నాయనమ్మ జీవరత్నమ్మ బెంచీ మీద కూలబడింది. మిరియం ముఖం పాలిపోయింది.

"పళ్ళు మావి మంచివేనండి, తప్పు ఆ చైనుదండి!" అన్నాడు పోలారావు.

ఎడ్వర్డ్ లేచాడు. జోయెల్ భుజం మీది సైకిలు దింపించి, వెనక చక్రం నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అది గిర్రున తిరిగింది.

"గదా కాదు, బాణమూ కాదు. నట్టు బిగించనేదు. చక్రం జరిగితే చైను ఊడదేటి? ఇదెవడి పని?"

"ఆడు బిగిత్తాడనుకున్నాను" అన్నారిద్దరూ ఒకేసారి.

ఎడ్వర్డ్ జోయెల్ వైపు తిరిగాడు. "ఈళ్ళ బళ్ళు రెండున్నాయి కదా. ఒకటి అడిగి ఎక్కి రాలేకపోయినావా?"

"తోచలేదు మావయ్యా."

పెద్దాయన అతని మసిచొక్కా చూసి, ఫక్కున నవ్వేశాడు. "కానివ్వండి అయ్యగారూ! ఊడిన బండినే ఒగ్గకుండా మోసుకొచ్చినోడు, నా కూతుర్నేటి ఒగ్గుతాడు?"

పెళ్ళికి పోలారావు, సన్యాసయ్య కలిసి ఒక స్పానరు చదివించారు. దాని మీద ఏ మార్కూ లేదు.