నలుగురు మనూసోసులు

ఆ ఉదయం జున్ను కాచి, ఆనక కాఫీ కొట్లో పేకాటకు కూర్చుందామన్నది మనూసోస్ వర్దాకిస్ ముసలాయన ఆలోచన. పాలు పొయ్యి మీద పెట్టాడో లేదో, బడి టీచరు కల్లిరోయి రొప్పుతూ వచ్చింది.

"పెద్దాయనా, బడి మూసేస్తారట! నలుగురుంటేనే బడి, మనకు ఇద్దరేనట. ఒకే పేరు మూడుసార్లు రాసి దొంగ లెక్క చూపించానట!"

ముసలాయనకు ఒళ్ళు మండింది. ఆ క్రీటు దీవి కొండల్లో ప్రతి కొడుకూ తన తొలి మగబిడ్డకు తాత పేరు పెట్టాల్సిందే. ఆయన ముగ్గురు కొడుకులూ పెట్టారు. పెట్టేదాకా ఆయన ఊరుకోలేదు. ముగ్గురు మనూసోస్ వర్దాకిస్‌లు, డెస్పీనా అనే ఒక పిల్ల, ఇంతే బడి.

"నా వంశాన్ని దొంగ లెక్కంటారా!" అంటూ పట్నంలోని విద్యాశాఖ ఆఫీసుకు ఫోను చేశాడు.

"ఎవరు మాట్లాడేది?" అన్నాడు గుమాస్తా.

"మనూసోస్ వర్దాకిస్!"

"ఏ తరగతి?"

"డెబ్భై దాటినవాణ్ణిరా! తరగతేమిట్రా నీ మొహం!"

లేని పిల్లల పేర్లతో ముసలాళ్ళు కూడా తయారయ్యారని గుమాస్తా పైవాళ్ళ చెవిన వేశాడు. వెంటనే ఇన్‌స్పెక్టరు బయల్దేరాడు. తనిఖీ మాట వినగానే బడి ఎలాగూ పోతుందని డెస్పీనా తల్లి పిల్లను కింద పట్నంలో చేర్చేసింది. ఇక మిగిలింది నిజంగానే ముగ్గురు.

"మనూసోస్ వర్దాకిస్!" అని పిలిచాడు ఇన్‌స్పెక్టరు బడిలోకి వస్తూనే, ఎకసెక్కంగా.

ముగ్గురు కుర్రాళ్ళు లేచారు. ఒకటే ముక్కు, ఒకటే మొండి చూపు. ఇన్‌స్పెక్టరు మొహం పాలిపోయింది. సిగ్గుతో తల వంచుకుని, "ఒక్కొక్కరే పలకండి, రాసుకుంటాను" అన్నాడు.

"ఉన్నాను!" "ఉన్నాను!" "ఉన్నాను!"

తన పేరు పిలిచాక నోరు మూసుకోవడం గుమ్మంలో నిలబడ్డ ముసలాయనకు చేతకాదు. "ఉన్నానయ్యా! ఎక్కడికి పోతాను?"

ఆ బొంగురు గొంతుకు కూడా ఇన్‌స్పెక్టరు తలెత్తలేదు. "నలుగురు" అంటూ ముద్ర గుద్దాడు. కల్లిరోయి నోరు తెరవబోయింది.

"చాలమ్మా! మిమ్మల్ని అనుమానించడం మాదే తప్పు. ఎప్పుడొచ్చి చూసినా ఈ నలుగురూ ఉంటే చాలు."

జీపు మలుపు తిరిగింది. "నిజం రాస్తే దొంగనన్నారు. దొంగ లెక్కకు ముద్ర వేసి దణ్ణం పెట్టి పోతున్నారు!" అని పళ్ళు కొరికింది కల్లిరోయి. ముసలాయన వైపు తిరిగి, "సోమవారం నుంచి పొద్దున్నే రావాలి. గోళ్ళు తీసుకుని" అంది.

"నేనా? మేకల్నెవరు కాస్తారమ్మా?"

"బడి పోతే మీ కొడుకులు పిల్లల్ని తీసుకుని పట్నం దిగుతారు. అప్పుడా పేరుతో మిమ్మల్ని మీరే పిలుచుకోండి."

ముసలాయన తన గోళ్ళ వంక చూసుకున్నాడు.

మొదటి రోజే టీచరు నాలుగో మనూసోస్‌ను మూల నిలబెట్టింది, పక్కవాళ్ళను అడిగినవాటికి కూడా తానే పలుకుతున్నాడని.