పచ్చగేటు భోజనం

ఆ ఆదివారం సామ్యూల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున చర్చి, తర్వాత దేవేంద్ర నగర్‌లో అత్తగారింట భోజనం, ఆ భోజనం వడ్డించేలోగా తన హోటల్‌కు ఒక వెబ్‌సైట్. ఆ మూడో పని కోసం అభిషేక్‌ను కూడా భోజనానికి పిలిచాడు. అభిషేక్ చర్చి పాటల బృందంలో గిటార్ వాయిస్తాడు, మిగతా రోజుల్లో చిన్న చిన్న దుకాణాలకు చవకగా వెబ్‌సైట్లు చేసిపెడతాడు. చేపల పులుసు ఉందంటే ఇంకాస్త చవకగా చేస్తాడని సామ్యూల్ ఆశ.

హోటల్ అంటే రాయపూర్‌లో గుఢియారీ పేటలో రైలు పట్టాల పక్క సందులో ఉన్న ‘సామ్యూల్ ఆంధ్రా భోజనం’. సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీ ఆఫీసు ఉద్యోగం మానేసి మరీ పెట్టాడు. బల్లలు బాగున్నాయి, ఫ్యాన్లు బాగున్నాయి, వంట కూడా ఫరవాలేదు. వచ్చి తినేవాళ్ళే లేరు. అత్తగారు సుశీలమ్మకు మొదటి నుంచీ ఈ హోటల్ గిట్టదు. ఆవిడ పెద్దాసుపత్రిలో వార్డు సిస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. నెల జీతం రాని పనిని పని అనదు. "ఈస్టర్ దాకా చూడండి బాబూ. అప్పటికీ జనం రాకపోతే బోర్డు దించేసి మళ్ళీ సిల్తారా వెళ్ళిపోండి, సరేనా?" అని ఆవిడ అడిగితే, సామ్యూల్ అలవాటు ప్రకారం "అలాగేనండీ" అన్నాడు. సామ్యూల్‌కున్న జబ్బే అది. ఎవరేమడిగినా ముందు అవుననేస్తాడు, ఏమడిగారో తర్వాత ఆలోచిస్తాడు. ఇప్పుడు ఈస్టర్ దగ్గర పడింది.

వరండాలో కూర్చుని అభిషేక్ ఫోన్‌లోనే పని కానిచ్చేశాడు. "ఇది పూరా మొబైల్ కోసమే అన్నా. ఇవాళారేపు కంప్యూటర్ ఎవడు తెరుస్తున్నాడు? బొటనవేలితో నొక్కాలి, సీదా మీ దుకాణం ముందు దిగాలి. అందుకే ‘దారి చూపించు’ బటన్ ఇంత పెద్దగా పెట్టా. అడ్రసు కూడా ఉందిలే, అడుగున చిన్నక్షరాల్లో. అది ఎవడూ చదవడు."

"అంతా అయిపోయినట్టేనా?"

"ఇంకో నాలుగు ప్రశ్నలడుగుతుంది, మీరే నొక్కెయ్యండి. నేను చేతులు కడుక్కొస్తా," అంటూ అభిషేక్ లేచాడు.

వంటింట్లోంచి పులుసు వాసన వరండా దాకా వస్తోంది. ఫోను అడగడం మొదలుపెట్టింది. కుటుంబాలు రావచ్చా? అవును. పిల్లలకు కుర్చీలున్నాయా? అవును. మీరు ఇప్పుడున్న చోటే మీ వ్యాపారమా? అవును. ఇంతలో లోపల్నుంచి భార్య సంధ్య, "ఏవండీ, వడ్డించేస్తున్నాం, వస్తున్నారా?" అని కేకేసింది. సామ్యూల్ దానికీ అవునని, మిగిలిన ప్రశ్నలన్నిటికీ వరసగా అవును నొక్కేసి, వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు.

వెబ్‌సైట్ ముచ్చటగా వచ్చింది. సామ్యూల్ దాన్ని చూసుకుని మురిసిపోయాడు. అన్ని బటన్లూ నొక్కి చూశాడు, ఒక్క ‘దారి చూపించు’ తప్ప. తన హోటల్‌కు దారి తనకు తెలియదా?

రెండు మూడు రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. "భయ్యా, హమ్ పహుంచ్ గయే. హరే గేట్ వాలా ఘర్ హై న?" ఎవరో పెద్దమనిషి, వచ్చేశాం, పచ్చగేటు ఇల్లేనా అని అడుగుతున్నాడు.

"హా జీ, హా జీ, ఆయియే!" అన్నాడు సామ్యూల్.

ఫోన్ పెట్టేశాక గాని తన హోటల్‌కు గేటే లేదన్న సంగతి గుర్తు రాలేదు. సందులోకి వచ్చి అటూ ఇటూ చూశాడు. పక్కనున్న సైకిల్ షాపులో అడిగాడు. ఆ చుట్టుపక్కల పచ్చగా ఉన్నది ఎదురుగా నిలబెట్టిన కూరగాయల బండి ఒక్కటే. రాంగ్ నంబరై ఉంటుందనుకుని లోపలికొచ్చి ఖాళీ బల్లలు మళ్ళీ ఒకసారి తుడిపించాడు.

సరిగ్గా అప్పుడే దేవేంద్ర నగర్‌లో సుశీలమ్మ ఇంటి పచ్చగేటు ముందు భార్యాభర్తలు, పిల్లలు, ఒక ముసలాయన నిలబడి ఉన్నారు. సామ్యూల్ గారి దగ్గర భోజనానికి వచ్చామని పెద్దమనిషి హిందీలో చెప్పాడు.

ఇలాంటప్పుడు ఎవరైనా మీరెవరని అడుగుతారు. సుశీలమ్మ అడగదు. సంధ్య నిశ్చితార్థం నాడు తుని నుంచి వచ్చిన సామ్యూల్ పెదనాన్నను గుమ్మంలో ఆపి, "ఎవరండీ మీరు?" అని అడిగిన పాపానికి, ఆ పెద్దాయన మంచినీళ్ళయినా ముట్టకుండా నేరుగా స్టేషన్‌కు వెళ్ళిపోయాడు. మగపెళ్ళివారి పెద్దను ఎవరని అడిగారట అన్న మాటను ఆ బంధువులు ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ తలుచుకుంటారు. అప్పట్నించి అల్లుడి పేరు చెప్పి గేటు తీసినవాళ్ళు ఎవరైనా సరే, ఆవిడ ముందు కుర్చీ వేస్తుంది, తర్వాత కంచం పెడుతుంది. నోరు మాత్రం తెరవదు.

ఆ రోజూ అలాగే పెట్టింది. కాకపోతే వార్డు అలవాటు ఎక్కడికి పోతుంది? వడ్డించే ముందు "షుగర్ హై? బీపీ హై?" అని వరసగా అందర్నీ అడిగింది. ముసలాయనకు బీపీ ఉందని తేలగానే ఆవకాయ జాడీ ఆయనకు అందకుండా జరిపేసింది. పిల్లల గోళ్ళు చూసి మళ్ళీ సబ్బుతో చేతులు కడిగించింది. తిన్నాక పెద్దమనిషి పర్సు తీయబోతే ఆవిడకు కోపం వచ్చింది. "దామాద్ కే మెహమాన్ సే పైసా? అందర్ రఖియే!" అల్లుడి చుట్టాల దగ్గర డబ్బులా అని కసిరేసరికి ఆయన పర్సు లోపల పెట్టుకుని దణ్ణం పెట్టాడు.

సాయంత్రానికి సామ్యూల్ వెబ్‌సైట్ మీద మొదటి రివ్యూ పడింది. అచ్చంగా ఇంట్లో తిన్నట్టే ఉందనీ, ఆంటీ కన్నతల్లిలా చూసుకున్నారనీ, నాన్నగారికి పచ్చడి పెట్టకుండా ఆరోగ్యం కాపాడారనీ, ఎంత బతిమాలినా డబ్బు పుచ్చుకోలేదనీ రాసి, అయిదు నక్షత్రాలు ఇచ్చారు. ఆ రోజు సామ్యూల్ హోటల్లో భోంచేసింది సామ్యూలూ, వంటవాడూ మాత్రమే. వెంటనే అభిషేక్‌కు ఫోన్ చేశాడు.

"ఏంటి తమ్ముడూ ఈ దొంగ రివ్యూలు? అదీ డబ్బు పుచ్చుకోరని రాయిస్తావా?"

"నేనేం రాయించలేదన్నా, దేవుడి తోడు! వెబ్‌సైట్ అట్లా పనిచేస్తోంది, ఏం చేస్తాం?"

"మా హోటల్లో ఆంటీ ఎవరయ్యా?"

"కస్టమర్ ఎవర్ని చూసినా ఆంటీ అంటాడన్నా. మీరదంతా ఛోడ్ దో. రేటింగ్ చూడండి, రేటింగ్!"

డబ్బు పుచ్చుకోని హోటల్ ఒకటుందన్న వార్త రాయపూర్‌లో ఎంత తొందరగా పాకుతుందో వేరే చెప్పక్కర్లేదు. వారం తిరిగేసరికి పచ్చగేటు మూసే పని లేకుండా పోయింది. సుశీలమ్మ ఒక్కర్తీ వండలేక, పక్కింటి రంగనాయకమ్మను సాయానికి పిలుచుకుంది. రంగనాయకమ్మ రైల్వే గార్డు గారి భార్య, మాటకు ముందుండే మనిషి.

"అదేంటి వదినా, మీ అల్లుడికి ఇంతమంది దోస్తులా?" అంది ఉల్లిపాయలు తరుగుతూ.

సుశీలమ్మ గరిటె ఆపి గొంతు తగ్గించింది. "దోస్తులూ కాదు, పాడూ కాదు వదినా. నాకు అంతా సమఝైపోయింది. హోటల్ పూర్తిగా మునిగిపోయినట్టుంది. వచ్చినవాళ్ళకి పెట్టడానికి అక్కడ బియ్యం కూడా లేవేమో. పరువు కోసం వాళ్ళని ఇటు పంపిస్తున్నారు. నోరు తెరిచి చెప్పుకోలేరు పాపం."

"పోనీ మీరే అడగొచ్చుగా?"

"అల్లుణ్ణి అలా ఎలా అడుగుతాం? చిన్నబుచ్చుకోరూ?"

అయినా మనసాగక కూతురికి ఫోన్ చేసి హోటల్ ఎలా ఉందని ఆరా తీసింది. పక్కనే సామ్యూల్ ముఖం వేలాడేసుకుని కూర్చుని ఉండటంతో, సంధ్య గొంతులో హుషారు తెచ్చుకుని, "బ్రహ్మాండంగా ఉందమ్మా! జనం భీడ్ తట్టుకోలేక చచ్చిపోతున్నాం," అంది. సుశీలమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కన్నకూతురే తన దగ్గర దాస్తోందంటే సంసారం ఎంత ఇబ్బందుల్లో పడిందో! ఈ హోటల్ గురించి తనన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి గుండెల్లో గుచ్చుకున్నాయి. ఆ పూటే ఇంకో బస్తా బియ్యం తెప్పించింది.

ఈస్టర్‌కు ముందు రోజు, శనివారం పొద్దున్నే, సామ్యూల్ ఫోన్ మళ్ళీ మోగింది. ఏదో ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరవుతున్నాడట, రెండు టెంపోల నిండా జనం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారట. "హా జీ!" అన్నాడు సామ్యూల్. ఈసారి ఏమడిగారో కూడా అతనికి బాగా తెలుసు. కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు. గడువు రేపటితో సరి అనగా దేవుడు టెంపోలు పంపించాడు.

సంధ్య గోంగూర నూరింది. పెద్ద పెద్ద గిన్నెలు అద్దెకు తెచ్చారు. సామ్యూల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని సందు మొదట్లో నిలబడ్డాడు. ఎండ నడినెత్తికొచ్చింది. అన్నం చల్లారిపోతోంది. టెంపో జాడ లేదు. చివరికి ఫోన్ వచ్చింది.

"భయ్యా, క్యా ఖానా హై! మజా ఆ గయా! పహలా టెంపో ఖా రహా హై, దూస్రా రాస్తే మే హై."

మొదటి టెంపో వాళ్ళు తినేస్తున్నారట, రెండోది దారిలో ఉందట. సామ్యూల్ ఖాళీ బల్లల వైపు చూశాడు. "కహా ఖా రహే హై జీ?" అని, ఎక్కడ తింటున్నారో నీరసంగా అడిగాడు.

"అరే, ఆప్ హీ కే యహా!"

మీ దగ్గరే కదా తింటున్నాం అని ఫోన్ పెట్టేశాడాయన. సంగతి విన్న సంధ్య, "ఏవండీ, నాకు తెలీకుండా మనకింకో బ్రాంచి ఉందా?" అని నిలదీసింది. ఈ ఒక్కసారి సామ్యూల్‌కు నోట అవునన్న మాట రాలేదు. ఆవిడ అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని, వెబ్‌సైట్ తెరిచి, అంత పెద్ద బటన్‌నూ నొక్కింది. గుఢియారీ నుంచి ఒక నీలం గీత బయల్దేరి, పట్టాలు దాటి, మలుపులు తిరిగి, దేవేంద్ర నగర్‌లో ఆగింది.

"ఇది మా అమ్మ వాళ్ళింటికి పోయే దారి!"

సామ్యూల్‌కు వరండా, పులుసు వాసన, ఫోను అడిగిన ప్రశ్న అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. రెండో టెంపోను ఎలాగైనా ఇటు మళ్ళించమని భార్యకు చెప్పి స్కూటరెక్కాడు.

పచ్చగేటు బయట చెప్పులు రోడ్డు మీదికొచ్చేశాయి. వరండాలో, ముందు గదిలో, గోడవతల రంగనాయకమ్మ గారి అరుగు మీద కూడా జనం కూర్చుని తింటున్నారు. సుశీలమ్మ పప్పు బకెట్టుతో ఆ మధ్యన తిరుగుతోంది. అల్లుణ్ణి చూసి, బకెట్టు కిందపెట్టి, వంటింట్లోకి రమ్మని సైగ చేసింది.

"కంగారు పడకండి బాబూ. మీవాళ్ళందరికీ సరిపోయింది," అంది మెల్లగా. "నాకన్నీ తెలుసు. సిగ్గుపడాల్సిందేం లేదు. హోటల్ పోతే పోయింది, మనుషులు ముఖ్యం గాని. నేనిక ఒక్క మాట అనను. మీ పేరు చెప్పి ఎంతమంది వచ్చినా నా ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ పెడతాను."

చివరి మాట దగ్గర ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడంటే బెదురే తప్ప ఇంకోటి ఎరగని సామ్యూల్‌కు కూడా కళ్ళు చెమర్చాయి. ఆ మాట అలాగే ఉంచేసి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది. కానీ బయట ఎవరో రసం అడుగుతున్నారు.

"అత్తయ్యా, వీళ్ళెవరో నాకు తెలీదండీ."

"తెలీదంటే?"

"వీళ్ళు కస్టమర్లండీ. ఫోన్లో బటన్ నొక్కుకుని వచ్చారు. హోటల్ ఎక్కడని అడిగితే నేనే... ఇక్కడేనని నొక్కేశాను."

"మొన్నొచ్చిన బీపీ ముసలాయన?"

"తెలీదండీ."

"నిన్న నా చేత కాలికి కట్టు కట్టించుకుని వెళ్ళిందే, ఆవిడ?"

"తెలీదండీ."

సుశీలమ్మ చేతిలో గరిటె పైకి లేచింది. సామ్యూల్ కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా ఆ క్షణంలో, రిటైరవుతున్న ఆ ఆఫీసు పెద్దాయన చేతులు జోడించుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఇలాంటి భోజనం తన సర్వీసులో తినలేదన్నాడు. డబ్బు తీసుకోకపోతే ఇక్కణ్ణుంచి ఎవరమూ కదిలేది లేదన్నాడు. వచ్చే నెల మనవడి పుట్టినరోజుకు కూడా ఇదే భోజనం కావాలన్నాడు.

గరిటె నెమ్మదిగా దిగింది. సుశీలమ్మ అల్లుడి వైపు తిరిగింది. "డబ్బులిచ్చి తింటారా వీళ్ళు? మన పప్పూ, గోంగూరా? ఈ ఊళ్ళో?"

"అవునండీ," అన్నాడు సామ్యూల్. అతను తన జన్మలో ఆలోచించి చెప్పిన మొదటి అవును అదే.

ఇంతలో సంధ్య ఫోన్. రెండో టెంపో గుఢియారీ చేరిందట. అందరూ కూర్చున్నారట. ఆంటీ ఏదని ఒకటే గొడవట, బీపీ అడిగేవాళ్ళు లేని చోట భోజనమేంటని సణుగుతున్నారట. "అమ్మని తీసుకొచ్చెయ్యండి, జల్దీ!" అని అరిచింది.

సుశీలమ్మ రంగనాయకమ్మకు ఇల్లు అప్పజెప్పి, చీర కొంగు దోపుకుని, గరిటెతో సహా స్కూటర్ వెనక కూర్చుంది. హోటల్లో అడుగుపెడుతూనే ముందు వంటింట్లోకి వెళ్ళింది. పులుసులో ఉప్పు చూసింది, వంటవాడి గోళ్ళు చూసింది, ఫ్యాన్ రెక్కల మీద వేలు రాసి ఆ వేలిని అల్లుడికి చూపించింది. తర్వాత బయటికొచ్చి షుగరున్నవాళ్ళను చేతులెత్తమంది. టెంపో వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. జనం వెళ్ళాక కాళ్ళు లాగుతున్నాయని కౌంటర్ దగ్గరున్న సామ్యూల్ కుర్చీలో కూర్చుంది. బయట బోర్డు వైపు కాసేపు చూసి, "మీకు మొహమాటం ఎక్కువ బాబూ, మీవల్ల కాదు. సోమవారం నుంచి నేనే వచ్చి చూసుకుంటాను, సరేనా?" అంది.

"అలాగేనండీ," అన్నాడు సామ్యూల్, ఆ తర్వాత ఆలోచించాడు.

బోర్డు దించాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు హోటల్లో చోటు దొరకాలంటే ఆగాల్సిందే. సామ్యూల్ ఉతికిన చొక్కాతో వేళకు వస్తాడు, గోళ్ళు చూపించి లోపలికెళ్తాడు, బయటికెళ్ళాలంటే అడిగి వెళ్తాడు. సిల్తారాలో పై అధికారులు రిటైరయ్యాక వెళ్ళిపోయేవారు; ఇక్కడి పై అధికారి రిటైరయ్యాకే వచ్చింది.