ప్రెసిడెంటు గారి ఇంగ్లీషు ఆలోచన

"ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయడమేమనగా, మన సమితి ప్రెసిడెంటు శ్రీ ఓబులేశప్ప గారు వచ్చే సోమవారం నుంచి ఇంగ్లీషులోనే ఆలోచిస్తారు. కష్టాలు చెప్పుకునేవాళ్లు మామూలుగా తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఆలోచన పూర్తయ్యేదాకా ఎవరూ దగ్గకూడదహో."

తప్పెట కొట్టి ఈ మాట చాటినప్పుడు నేను నా టీ అంగడి ముందర పొయ్యికి విసురుకుంటా ఉంటిని. సమితి ఆఫీసు గేటుకు ఎదురుగానే అంగడి. అందుకని ఆ మహత్తర కార్యాన్ని మొదలు నుంచి కడదాకా చూసే భాగ్యం నాకు దక్కింది. పత్రికల్లో ఎవరెవరి గొప్పలో రాస్తాంటారు గదా, మా ఓబులేశప్ప గొప్ప ఎవరూ రాయలేదే అని ఇన్నేండ్లూ నా కడుపులో ఉండిపోయింది. ఈ పొద్దు చెప్తాండా.

అప్పుడు పంచాయతీ సమితులు వచ్చిన కొత్త. ఏ సమితో పేరు చెప్పను. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరికి పోయే బస్సు నిలబడే ఊళ్లలో మాదొకటి, అంతవరకు చాలు. ఓబులేశప్ప ముందు మా ఊరి సర్పంచిగా గెలిచి, ఆ మెట్టు మీదినుంచి సమితి ప్రెసిడెంటు అయినాడు. కింద మెట్టు జారితే పై మెట్టు కూడా ఉండదు. ఆ సంగతి ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఇంగ్లీషు మీదికి మనసు ఎట్ల పోయిందంటే, హైదరాబాదులో ప్రెసిడెంట్లందరికీ ట్రైనింగు పెట్టినారంట. ఒక మంత్రి గారు లేచి ఇంగ్లీషులో ఏదో హాస్యం చెప్పినాడు. అందరూ నవ్వినారు. మా ఆయన దాన్ని తెలుగులోకి దింపుకొని, అర్థం చేసుకొని, పెద్దగా నవ్వేటప్పటికి మంత్రి గారు తుపానులో పోయిన ప్రాణాల గురించి చెప్తాండాడు. సభ సభంతా వెనక్కి తిరిగి చూసిందంట.

ఊరికి రాంగానే ప్రొద్దుటూరు నుంచి బాలసుబ్రహ్మణ్యం సారును పిలిపించినాడు. రిటైరైన మనిషి. రోహిణి ఎండల్లో కూడా కోటు విప్పడు. ఆఫీసు వరండాలోనే పాఠం మొదలయింది.

"ఓబులేశప్ప గారూ, మీరు తెలుగులో తలుచుకొని ఇంగ్లీషులో చెప్పాలని చూస్తున్నారు. అది జమ్మలమడుగు నుంచి పులివెందులకు కడప మీదుగా పోయినట్టు."

"ముద్దనూరు మీద పోతే దగ్గర గదా సారూ."

"నేను చెప్పేదీ అదే. తిన్నగా ఇంగ్లీషులోనే తలుచుకోవాలి. నోరు తర్వాత. ముందు మెదడు."

"తెలుగు ఆలోచన దానంతటదే వస్తే?"

"రానీయకండి. వాకిట్లోనే నిలబెట్టండి."

ఆ పొద్దు నుంచి మా ప్రెసిడెంటు గారి వాకిట్లో తెలుగు ఆలోచనలు ఎన్ని నిలబడినాయో ఆ దేవునికే తెలియాల. లోపలికి మాత్రం ఒక్కటీ పోలేదు. పట్టుదల అంటే అదీ.

ఆ ఏడే మా వీధి బావి ఎండిపోయింది. సాయిబుల వీధి ఆడోళ్లందరం పెన్నలోకి పోయి, ఇసకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడి బిందెలు నింపుకుంటా ఉంటిమి. మా పక్కింటి గుల్జార్‌బీకి మోకాళ్ల నొప్పులు. ఆమె కోడలు నూరున్నీసా కడుపుతో ఉండాది. బిందెత్తుకొని ఇసకలో నడిచి నడిచి ఆ పిల్ల ఒకసారి కూలబడింది. అప్పటినుంచి గుల్జార్‌బీ కోడల్ని ఏటికి పంపడం మాని, రెండు బిందెలూ తానే మోసింది.

సమితికి గవర్నమెంటు ఒక బావి శాంక్షను చేసిందని విన్నాం. యాడ తవ్వాలనేది ప్రెసిడెంటు నోటిమాట. ఎండలు ముదిరేలోగా ఆ మాట రాకుంటే గ్రాంటు వెనక్కి పోతుంది. గుల్జార్‌బీ నన్ను తోడు పిలుచుకొని ఆఫీసుకు పోయింది.

"ఏమప్పా ఓబులేశూ, ఆ బావి మా వీధిలో తవ్విస్తావా, లేదా?"

ఆయన కండ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలినాయి. నుదుట చెమట పట్టింది. మేం పోయినప్పుడు ఎండ వరండా మెట్టు మీద ఉండె. అది మెల్లగా పాకి మా కాళ్ల మీదికొచ్చింది. అప్పుడు కండ్లు తెరిచినాడు.

"వాటర్ ఈజ్ గుడ్."

సారు లేచి ఆయన చెయ్యి పట్టుకొని ఊపినాడు. "ఒక్క తెలుగు ముక్క అంటకుండా పుట్టిన ఆలోచన," అన్నాడు.

"ఏమంటాండాడు?" అనింది గుల్జార్‌బీ.

"నీళ్లు మంచివి అన్నారమ్మా."

"అది నాకూ తెలుసు సారూ. బావి సంగతేంది?"

"అది రెండో ఆలోచన. ఒకే దినం రెండంటే మెదడుకు దెబ్బ."

ప్రెసిడెంటు గారికి గోలీసోడా తెప్పించినారు. మేం ఇంటికొచ్చినాం.

ఇంట్లో కూడా ఆయన నిష్ఠ తప్పలేదు. ఆయన పెండ్లాం నాగులమ్మ అంగడికొచ్చి చెప్పింది.

"మాబున్నక్కా, సంగటికి ఇంగ్లీషు లేదంట. ఇంగ్లీషు లేనిదాన్ని తలుచుకోకూడదంట. తలుచుకోకుండా ఆకలెట్లయితాదని ముద్ద నెట్టేసినాడు."

"మరేం తింటాండాడు?"

"బ్రెడ్డు. ప్రొద్దుటూరు బస్సులో తెప్పిస్తాండాడు. జరమొచ్చినోని మాదిరి పొద్దునా మాపునా అదే."

"సంగట్లోకి నంజుకునే ఊరిబిండి కూడా ముట్టలేదా?"

"దాని పేరెత్తితే చెవులు మూసుకుంటాండాడు. మొన్న గడప తగిలి 'అమ్మా' అన్నాడు. నాలిక కరుచుకొని, సారు కాడికి పోయి అడిగి, తిరిగొచ్చి, అదే గడప కాడ నిలబడి 'మదర్' అన్నాడు."

"నొప్పో?"

"అది ఎప్పుడో తగ్గిపోయింది."

ఇంక ఆఫీసు సంగతి వినండి. బీడీవో గారు బీఏ చదివిన మనిషి. ప్రెసిడెంటు ఇంగ్లీషులో ఆలోచిస్తాంటే నువ్వు ఇంకా తెలుగులోనే ఉండావా అని పైనోళ్లు అడిగితే ఏం చెప్పాలని దిగులుపడి, ఆయనా కండ్లు మూసుకున్నాడు. ఆయన్ను చూసి హెడ్ క్లర్కు మల్లికార్జునయ్య మూసుకున్నాడు. ఆయన్ను చూసి టైపు కొట్టే అబ్బాయి, అందర్నీ చూసి బంట్రోతు. బంట్రోతుకు వచ్చిన ఇంగ్లీషు 'కమిన్' ఒక్కటే. పాపం, పొద్దస్తమానం దాన్నే ఆలోచించినాడు.

ఆఫీసులో అంత శాంతి నేను ముందూ చూళ్లేదు, ఆ తర్వాతా చూళ్లేదు. ఫైళ్ల మీద పావురాలు గుడ్లు పెట్టినాయి. విత్తనాల కోసమొచ్చిన రైతులు అరుగు మీద కూర్చొని, నా టీ తాగి, లోపల జరిగే ఆలోచనను కాసేపు చూసి ఇండ్లకు పోయేవాళ్లు. జిల్లా ఆఫీసు వాళ్లు లెక్క తీస్తే, ఆ కాలంలో తప్పు నిర్ణయం ఒక్కటి కూడా చేయని సమితి మాదొక్కటేనంట. మెచ్చుకుంటూ కాగితం పంపినారు. దాన్ని పటం కట్టించినారు. పులివెందుల దిక్కు నుంచి, మైదుకూరు దిక్కు నుంచి ప్రెసిడెంట్లు జీపుల్లో వచ్చి, కిటికీలోనుంచి తొంగిచూసి, ఓబులేశప్ప కండ్లు మూసుకునే పద్ధతి నేర్చుకొని పోయినారు. నేను ఇంకో రెండు బెంచీలు వేయించినా. ప్రోగ్రెస్ అనేది వస్తే అందరికీ వస్తాది.

గుల్జార్‌బీ మాత్రం విడిచిపెట్టలేదు. ఏటి నుంచి వచ్చేటప్పుడు నీళ్లబిందె చంకలో ఉన్నట్టే ఆఫీసుకు పోయేది. ఒకనాడు "వెల్ ఈజ్ డీప్" అనే ఆలోచన వచ్చింది. ఇంకోనాడు "వెల్ ఈజ్ దేర్" అనేది వచ్చింది.

"బావి అక్కడ ఉందని అంటున్నారు," అని సారు చెప్పినాడు.

"యాడ ఉండాదో అడుగు సారూ, పోయి తోడుకుంటాం," అనింది గుల్జార్‌బీ. "తవ్వమనే మాట ఎప్పటికొస్తాది ఈయనకు?"

"తవ్వడం అంటే క్రియ. మేమింకా నామవాచకాల్లో ఉన్నాం."

"క్రియల కాడికి ఎప్పుడొస్తారు?"

"వానాకాలానికి రావచ్చు."

"వానాకాలం వస్తే నాకు నీతో పనేముండాది సారూ," అనింది ఆమె. "నా కోడలికి పురుడు ఎండాకాలంలో."

ఇంతలో ఈ కీర్తి హైదరాబాదు దాకా పోయింది. ఆనాడు సభలో హాస్యమాడిన మంత్రి గారే స్వయంగా చూడ్డానికి వస్తాండాడని కబురొచ్చింది. ఆయన ముందరే బావి చోటు ప్రకటించాలని ఏర్పాటు. ఆఫీసు ముందర పందిరి వేసినారు. స్టేజీ కట్టినారు. మా వీధి ఆడోళ్లం ఖాళీ బిందెలతో పందిరి వెనక నిలబడినాం. మగోళ్లు మా వెనక. నన్ను మాత్రం స్టేజీ మీదికి టీ తెమ్మని పిలిచినారు.

మంత్రి గారు దండలు వేయించుకొని కూర్చొని, "వేర్ ఈజ్ ది వెల్?" అని అడిగినాడు. అంటే బావి యాడ అని. సారు మాకు తెలుగులో చెప్పినాడు.

ప్రెసిడెంటు గారు కండ్లు మూసుకున్నాడు. మంత్రి గారు కాసేపు అటూ ఇటూ చూసినాడు. ఫోటో తీసేవాళ్లు ఓబులేశప్ప వైపే తిరిగి ఉండారు. ఇంక ఆయనా కండ్లు మూసుకున్నాడు. అంత పెద్ద మనుషులు ఇద్దరు ఒకే స్టేజీ మీద ఆలోచించడం ఈ జిల్లా ఎన్నడూ ఎరగదు. జనం చప్పట్లు కొట్టబోతే సారు ఆపినాడు.

ఆ సమయంలో కాంట్రాక్టరు చిన్నపుల్లయ్య దండలు సర్దుతాండానన్నట్టు ప్రెసిడెంటు పక్కకు చేరినాడు. భుజం మీది తువ్వాల తీసి ఆయన చేతి మీద కప్పినాడు. తన చెయ్యి దాని కిందికి పోనిచ్చినాడు. ఎద్దుల సంత చూసినోళ్లకు ఇది తెలుసు. బేరం పదిమందికీ వినపడకుండా దలాలీలు తువ్వాల కింద వేళ్లు పట్టుకొని మాట్లాడుకుంటారు. ఈ వేలు పడితే ఇంత, అన్నీ కలిపి పడితే అంత. నోరు మెదిపే పని లేదు.

ప్రెసిడెంటు గారి పెదాలు కదల్లేదు. చెమట పట్టలేదు. నేను గ్లాసులో టీ పోసేలోపల కండ్లు తెరిచినాడు.

"వెల్," అన్నాడు, "ఇన్ పుల్లయ్య గార్డెన్."

సారు కండ్లలో నీళ్లు తిరిగినాయి. "ప్రిపోజిషన్ కూడా వచ్చేసింది," అన్నాడు.

పుల్లయ్య గార్డెన్ అంటే ఊరి బయట ఆ కాంట్రాక్టరుదే చీనీకాయల తోట. దాంట్లో ఇంతకుముందే రెండు బావులు ఉండాయి.

గుల్జార్‌బీ బిందె కింద పెట్టింది. ఆమె మొగుడు హబీబుల్లా మైదుకూరు సంతలో పేరుమోసిన దలాలీ. ఆయన కాలం చేసినాక సంతకు తానే పోయి, మగోళ్ల నడుమ నిలబడి ఎద్దుల్ని అమ్మి పిల్లల్ని సాకిన మనిషి. మోకాళ్లు పట్టుకుంటా స్టేజీ ఎక్కింది. పోలీసాయన అడ్డమొస్తే, "దీవించి, దువా ఇచ్చి దిగిపోతా నాయనా," అనింది.

"ఓబులేశూ, నేను నీకు అమ్మ లాంటిదాన్ని. చెయ్యి ఇట్లియ్యి."

పుల్లయ్య భుజం మీది తువ్వాలనే లాక్కొని, ప్రెసిడెంటు చేతి మీద కప్పి, తన చెయ్యి కిందికి పోనిచ్చింది. తువ్వాల ఒకసారి కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. ఇంకా కదులుతానే ఉండాది.

ప్రెసిడెంటు గారి చూపు పందిరి వెనక మా మీదికొచ్చింది. ఈ కొస నుంచి ఆ కొసదాకా పోయింది. మా వెనక మగోళ్ల మీదికి పోయింది. సర్పంచి ఎలక్షన్లు ఆ వేసవిలోనే.

"అయ్యా, మాటైపోయింది గదా," అన్నాడు పుల్లయ్య.

"వెయిట్," అన్నాడు ప్రెసిడెంటు, కండ్లు మూయకుండానే. తర్వాత మైకు దగ్గరికి జరుపుకున్నాడు. "వెల్ ఇన్ గుల్జార్‌బీ స్ట్రీట్. టుమారో డిగ్."

"క్రియ," అన్నాడు సారు. కోటు జేబులోంచి చేతిగుడ్డ తీసుకున్నాడు.

నేను మంత్రి గారికి టీ అందించినా. ఆయన ఒక కన్నే మూసుకొని ఉండాడని అప్పుడు చూసినా. తర్వాత ఆయన లేచి, పల్లెటూరి నాయకుడు ఇంగ్లీషులో ఒకే పూట రెండు ఆలోచనలు చేయడం ప్రజాస్వామ్యానికి గర్వకారణమని ఉపన్యాసం చెప్పినాడు. ఎవరికీ అనుమానం రాకుండా తెలుగులోనే చెప్పినాడు.

బావి తవ్వినారు. నీళ్లు పడినాయి. నూరున్నీసాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు మొదటి నీళ్లు ఆ బావివే పోసినాం. తువ్వాల కింద ఏం చెప్పినావే అని గుల్జార్‌బీని ఎన్నిసార్లు అడిగినా, "సంత మాట సంతలోనే," అని చేద లాక్కుంటా నవ్వేది. ఓబులేశప్ప మళ్లీ సర్పంచి అయినాడు. సంగటికి సారు ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి పర్మిషన్ ఇచ్చినాడు. నాగులమ్మ ఆ పేరు ఇప్పటికీ పలకలేదు.

మంత్రి గారు హైదరాబాదు పోయి, సమితి ప్రెసిడెంట్లందరికీ ఇంగ్లీషు ఆలోచన నేర్పుతామని, దానికి కావలసిన సామాను గవర్నమెంటే పంపిస్తుందని ప్రకటించినాడు. మా సారు పుస్తకాల కోసం బీరువా ఖాళీ చేయించినాడు. పావురాల్ని తోలించినాడు. పార్సిలు బస్సు మీద వచ్చింది. ప్రెసిడెంటు, బీడీవో, సారు చుట్టూ నిలబడి దారాలు కోసినారు. నేను టీలు ఇస్తా చూసినా.

అన్నీ తువ్వాళ్లు. మంచి నేత, అంచున గవర్నమెంటు ముద్ర. ప్రెసిడెంటుకొకటి, బీడీవోకొకటి, హెడ్ క్లర్కుకొకటి. అడుగున ఇంకొకటి వేరే కాగితంలో చుట్టిపెట్టి ఉండె. దుప్పటంత పెద్దది. మంత్రి గారు ఈ దిక్కు టూరుకు వచ్చినప్పుడు వాడతారు, మాసిపోకుండా చూడవలెనని దానికి చీటీ కట్టి ఉండె.

సారు దాన్ని మడత నలగకుండా బీరువాలో పెట్టి తాళం వేసినాడు.