నిరుటి కిటికీలకు ఈ ఏటి ప్రోత్సాహం

మా ఊళ్లోని ఇంటి యజమానులందరూ నిరుడు తమ పాత కిటికీలు తీసేసి కొత్తవి పెట్టించుకోవాలని ప్రోత్సహిస్తూ వాషింగ్టన్ చట్టసభ ఈ ఏడు ఫిబ్రవరిలో ఒక చట్టం చేసింది. చలిని లోపలికి రానివ్వని కిటికీ పెట్టించుకున్నవారికి పన్నులో కొంత తగ్గిస్తారు. పెట్టించుకోవలసిన గడువు డిసెంబరు ఆఖరుతో ముగిసింది. గడువు పోయాక చట్టం వచ్చింది కాబట్టి తోపులాట జరగలేదు.

ఇందులో లోపం వెతికేవాళ్లు తొందరపాటు మనుషులు. చట్టం ముందే చేసి ఉంటే ఏమయ్యేది? జనం తగ్గింపుకు ఆశపడి కిటికీలు మార్చేవారు. ఇప్పుడు ఏ ఆశా లేకుండా, కేవలం చలేసి మార్చుకున్న నిష్కల్మషులకే ప్రతిఫలం దక్కుతుంది. ప్రజల స్వార్థాన్ని ఇంత శుభ్రంగా వడగట్టిన చట్టం మరొకటి ఉన్నట్టు నాకు తెలియదు.

విస్కాన్సిన్‌లో, అందునా మా టామరాక్ ఫోర్క్‌లో, కిటికీ చిన్న విషయం కాదు. అక్టోబరులో అద్దాలకు ప్లాస్టిక్ పొర అంటించి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి కొట్టి బిగిస్తాం. మే నెలలో పీకేస్తాం. మధ్యకాలమంతా లోకం మాకు మసగ్గా కనిపిస్తుంది. అలవాటైపోయింది.

పన్ను లెక్కల విషయంలో మా ఊరంతా ఒకే సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుంది. దాని తెర మీద ఒక ఉడుత ఉంటుంది. చేతిలో వాల్‌నట్ కాయ పట్టుకుని, మనల్ని పేరు పెట్టి పిలిచి, ఒక్కొక్క ప్రశ్నే అడుగుతుంది. పెళ్లయిందా, విడిపోయారా, ఇంటి అప్పు ఎంతుంది అని పాస్టరు కూడా అడగడానికి మొహమాటపడే సంగతులు అది నవ్వుతూ అడుగుతుంది. చట్టం వచ్చిన మర్నాడు కిటికీల పేజీ తెరిస్తే, ఉడుత కాయ కింద పెట్టి ఇలా అంది: "శుభవార్త! కొత్త చట్టం మీకు వర్తించవచ్చు! ఈ ఫారం ఇంకా సిద్ధం కాలేదు! మళ్లీ రండి!"

అప్పటినుంచి మా ఊళ్లో పలకరింపు మారిపోయింది. కిరాణా కొట్లో, చర్చి మెట్ల మీద, మంచు తోసుకుంటూ కంచెల మీదుగా "ఉడుత ఏమంది?" అని అడుగుతున్నారు. "కాయ ఇంకా కిందే ఉంది" అన్నది జవాబు. అంతకుముందు మేం వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లం. దానికంటే ఇదే నయం. వాతావరణం అప్పుడప్పుడూ మారుతుంది.

ఈ చట్టం వల్ల దెబ్బతిన్నవాడు ఒక్కడే, వీధి చివరి వెర్లిన్ హౌగెన్. అతను మా ఊరి ఆదర్శ పౌరుడు. ఏటా జనవరిలో పన్ను రిటర్నులు తీసుకోవడం మొదలైన రోజునే పంపేసి, పంపినట్టు మాకందరికీ ఫోన్ చేసి చెప్తాడు. నిరుడు అతనూ కిటికీలు మార్పించాడు. ఇప్పుడు తగ్గింపు కావాలంటే, జనవరిలో పంపినది తప్పని తనంతట తానే రాసిచ్చి సవరణ పంపుకోవాలి. పంపేనాటికి అది తప్పు కాదు. తరవాత తప్పయింది.

"నేనేం తప్పు చేశాను లాయిడూ?" అని మా వాకిట్లో పార పట్టుకుని నిలబడ్డాడు.

"తొందరపడ్డావు" అన్నాను.

"పంపొచ్చని వాళ్లు చెప్పిన రోజునే కదయ్యా పంపింది."

"పంపమనడం వేరు, ఏం పంపాలో తేల్చడం వేరు. అది వాళ్లింకా ఆలోచిస్తున్నారు."

అతను పార కర్ర మీద గడ్డం ఆనించి తన కిటికీల వంక చాలాసేపు చూశాడు. ఆ వారం నుంచి, ఏటా ఏప్రిల్‌లో రిటర్నుల గడువు రోజు పోస్టాఫీసుకి పరిగెత్తే సోమరులకు ఊళ్లో దూరదృష్టి గలవారన్న పేరు వచ్చింది.

మార్చిలో మా ప్రతినిధి హార్లన్ బ్రూడర్ గ్రంథాలయంలో సభ పెట్టాడు. మా ఫుట్‌బాల్ జట్టు రంగుల టై కట్టుకుని వచ్చాడు.

"మిత్రులారా, రేపటి ఇంటి యజమాని గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. మరి నిన్నటి ఇంటి యజమాని సంగతేమిటి? ఆయన్ని ఎవరు పట్టించుకున్నారు? మేం పట్టించుకున్నాం. గతాన్ని మాకంటే స్పష్టంగా చూడగలిగిన సభ ఈ దేశంలో ఇంతవరకూ కూర్చోలేదు."

చప్పట్లు సద్దుమణిగాక మా పక్కింటి డార్లీన్ స్టెన్స్కే చెయ్యెత్తింది.

"నిరుడు మార్చుకోనివాళ్ల గతేంటండీ? ఇప్పుడు మార్చుకుంటే వస్తుందా, రాదా?"

"మంచి ప్రశ్న వేశారమ్మా. ఈ సంవత్సరపు కిటికీల గురించి తగిన సమయంలో ఆలోచిస్తాం."

"తగిన సమయమంటే?"

"ఈ సంవత్సరం అయిపోయాక."

"ఈలోగా నేను మార్చుకోవాలా, వద్దా?"

"అది పూర్తిగా మీ స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ కోసమే మన పెద్దలు ప్రాణాలిచ్చారు."

డార్లీన్ కూర్చుంది. "చక్కగా మాట్లాడతాడు" అంది నా చెవిలో. "ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

మంచి ఆలోచన వాషింగ్టన్‌లో పుట్టినా అక్కడే ఆగిపోదు. మా పట్టణ మండలి సమావేశమై, నిరుడు జనవరిలో వీధుల్లో మంచు సకాలంలో తీయించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ జనవరిలో మంచు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్న సభ్యుడే తీర్మానాన్ని బలపరిచాడు. ఏరు పక్కన ఉండే హోటల్లో శుక్రవారం చేపల వేపుడు భోజనాల రాత్రి, ఎనిమిది గంటలకు యజమాని గంట కొట్టి, ఆ రోజు అయిదు నుంచి ఆరు దాకా పానీయాలు సగం ధరకేనని ప్రకటించాడు. అయిదింటికి తాగి ఇంటికి పోయినవాళ్లు రశీదులు వెతుక్కుంటూ తిరిగొచ్చి, వచ్చాం కదా అని మళ్లీ తాగారు. ఈస్టరు ముందు నలభై రోజులూ ఏదో ఒకటి మానేసే మా చర్చివాళ్లు కొందరు, నిరుడు పొరపాటున తినకుండా ఉండిపోయిన వాటి జాబితా రాసి పాస్టరుకి ఇచ్చారు. ఆయన ఆలోచించి చెప్తానన్నాడు.

ఇక ఆర్డిస్ కిటికీల సంగతి చెప్పాలి.

ఆర్డిస్ నా భార్య. నిరుడు మార్చి చివర్లో పోయింది. ఆ చలికాలం ఆమె మంచాన్ని ముందు గదిలో కిటికీ పక్కకి జరిపాం. వాకిట్లో పిట్టలకు గింజలు వేసే గూడు ఉంది. అద్దానికి ప్లాస్టిక్ పొర ఉంది.

"ఇందులోంచి చూస్తే అన్నీ ఒకే పిట్టలా ఉన్నాయి" అంది. "ఎర్రదేదో, బూడిదదేదో తెలియకుండా పొమ్మంటే నేను పోను. కిటికీ మార్పించు."

ఆమె పోనంది కాబట్టి మార్పించకపోవడమే తెలివైన పని. కానీ ఆమె మాట తీసేయడం నాకు అలవాటు లేదు. ఫిబ్రవరిలో మార్పించాను. వచ్చిన మనిషి గుమ్మంలోనే బూట్లు విప్పి, పని చేసినంతసేపూ మేజోళ్లతోనే తిరిగాడు. సుత్తి కొట్టిన ప్రతిసారీ ఆమె వైపు చూసి క్షమించమన్నాడు. అలాంటివాళ్లు కూడా ఉన్నారు.

అప్పట్లో ఊళ్లో ఏమనుకున్నారో నాకు తెలుసు. వినపడేలానే అనుకున్నారు. "డాక్టర్లు వేసవి చూడదంటే, ఈవిడేమో పాతికేళ్ల గ్యారంటీ ఉన్న కిటికీలు కొందిట" అని డార్లీన్ కిరాణా కొట్లో అంది. అన్న మర్నాడు బంగాళాదుంపల హాట్‌డిష్ వండి, వేడివేడిగా పళ్లెంతో సహా తెచ్చిచ్చింది. రెండూ మనస్ఫూర్తిగానే చేసింది.

ఇప్పుడు కథ మారింది. చట్టం వచ్చాక ఆర్డిస్ మా ఊరి జ్ఞాని అయింది. "ఆవిడకి ముందే తెలుసు. చట్టసభకే తెలియని రోజుల్లో ఆవిడకి తెలుసు" అంటున్నారు. గ్రంథాలయంలో పన్ను సాయానికి కూర్చునే మనిషి ఆమెను దూరదృష్టికి ఉదాహరణగా చెప్తున్నాడు. ఎర్రపిట్ట సంగతి ఎవరూ ఎత్తలేదు. పన్ను ఫారంలో దానికి గడి లేదు.

నా మటుకు నాకు ఉడుత మీద ఫిర్యాదు లేదు. ఎందుకంటే మా పన్ను చట్టంలో ఒక దయగల మాట ఉంది. భార్య ఏ నెలలో పోయినా, ఆ ఏడు డిసెంబరు ఆఖరు దాకా ఆమె భార్యే. ఇద్దరి పేరా ఒకే రిటర్ను వేయవచ్చు. ఆసుపత్రి ఇవ్వలేని తొమ్మిది నెలలు పన్ను శాఖ ఇచ్చింది. రోజూ భోజనమయ్యాక సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఉడుత "మళ్లీ స్వాగతం, లాయిడ్, ఆర్డిస్!" అంటుంది. ఫారం సిద్ధం కాలేదంటుంది. పరవాలేదని మూసేస్తాను. ఊరంతా తిట్టుకుంటున్న ఆలస్యం నాకు మాత్రం పెన్షన్‌లా రోజూ అందుతోంది. ఈ రిటర్ను ఒకసారి పంపేస్తే ఆ రెండు పేర్లూ కలిపి పిలిచేవాళ్లు ఇక లోకంలో ఉండరు. పంపడం ఎలాగూ తప్పదు. ఇద్దరి పేరా పంపాలన్నదే నా పట్టుదల.

ఏప్రిల్ మొదట్లో ఫారం వచ్చింది. తొందరలో కుట్టిన చొక్కాలా వచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి ఉడుత కొత్త ప్రశ్న అడిగింది: "ఆర్డిస్ ఈ ఇంట్లో నివసించడం కొనసాగిస్తారా?" అవునని నొక్కితే, మరణించిన వ్యక్తి నివసించడం కుదరదు, సరిచేయండి అంది. కాదని నొక్కితే, అయితే ఈ కిటికీలు ఆమె ఇంటివి కావు అంది. అని, కింద ఆకుపచ్చ రంగులో పెద్ద మీట చూపించింది. దాని మీద "జీవిత భాగస్వామిని తొలగించు" అని ఉంది. పక్కన ఉడుత రెండు చేతులూ చాచి దారి చూపిస్తోంది.

"నొక్కేయ్" అన్నాడు వెర్లిన్, నా భుజం మీదుగా చూస్తూ. "ఒక్క నొక్కుతో పోతుంది."

"పోయింది చాలదా?" అన్నాను.

"అలా కాదయ్యా. కాగితం మీద."

"ఇప్పుడు ఉన్నది అక్కడే కదా."

అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "గడువు దగ్గరకొస్తోంది" అన్నాడు నెమ్మదిగా. ఆదర్శ పౌరుడికి ఓదార్చడం అలాగే వచ్చు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. మీ ఫోన్ మాకు ముఖ్యమని చెప్పే పాట మొత్తం విన్నాక రెనీటా అనే అమ్మాయి పలికింది.

"సర్, ఆ తప్పు మాకు తెలుసండి. సరిచేస్తున్నాం. ఈలోగా మీకు తొందరుంటే, భాగస్వామిని తొలగించి ముందుకెళ్లండని చెప్పమన్నారు."

"నాకు తొందర లేదమ్మా."

ఆమె గొంతు తగ్గించింది. వెనక ఎవరివో వేరే ఫోన్లు వినపడుతున్నాయి.

"నాకు రాసిచ్చింది చదివానండి" అంది. "ఇప్పుడు నా మాట చెప్తున్నా. నొక్కకండి. ఆవిడ నిరుడంతా మీ భార్యే. అది చట్టం. మా ఉడుతకి తెలీకపోతే అది ఉడుత తప్పు."

"ఉడుతని తిడితే నీ ఉద్యోగానికి ఇబ్బంది కాదా?"

"ఈ వారం దాన్ని తిట్టనివాళ్లు మీరొక్కరేనండి. సరయ్యాక నేనే ఫోన్ చేస్తాను."

చేసింది. గడువు ఇంకా ఉండగానే చేసింది. తెర తెరిస్తే ఆ ప్రశ్న లేదు, ఆ మీటా లేదు. మిగిలింది ఒక్క గడి: "కిటికీ సేవలో ప్రవేశించిన తేదీ."

"కిటికీ సేవలో చేరడమేంటి, అదేమన్నా సైన్యమా?" అన్నాడు సైన్యంలో పనిచేసి వచ్చిన వెర్లిన్. కిటికీ బిగించిన తేదీ బిల్లు మీద ఉంది, అదే వేయమన్నాడు. కానీ బిగించిన రోజు అద్దం మీద రక్షణ కాగితం ఉండిపోయింది. మర్నాడు పొద్దున నేను నిచ్చెనేసుకుని బయటినుంచి ఒలిచాను. లోపలినుంచి ఆర్డిస్ వేలితో గూటి వైపు చూపించింది. నేను తల తిప్పాను. ఎర్రటి మగపిట్ట, దాని పక్కన బూడిదరంగు ఆడది. అద్దం అవతల ఆమె పెదవులు "రెండు" అన్నాయి.

ఆ మర్నాటి తేదీ వేశాను. రెండు తేదీలూ నిరుటివే కాబట్టి ప్రభుత్వానికి నష్టం లేదు.

సంతకం చోట ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పంపాను. ఉడుత గాల్లోకి కాయలు విసిరి, పల్టీ కొట్టి, "అభినందనలు, లాయిడ్, ఆర్డిస్! వచ్చే ఏడు మళ్లీ కలుద్దాం!" అంది. మామూలు మాటే. అందరికీ అదే చెప్తుంది.

మే నెల వచ్చింది. ఈ ఏడు మా ఊళ్లో ఒక్కరూ కిటికీలు మార్చుకోలేదు. ఇప్పుడు మార్చుకుంటే ప్రోత్సాహం ఉందో లేదో తెలియదు. ప్రోత్సాహం వచ్చేసరికి మార్చుకునే గడువు ఉండదు. కాబట్టి అందరూ ప్లాస్టిక్ పొర పీకకుండా ఉంచేశారు, ఎలాగూ అక్టోబరులో మళ్లీ అంటించాలని. అంటే మా ఊళ్లో లోకం వేసవిలో కూడా మసగ్గానే ఉంది. మండలివారు దీన్ని పొదుపు అన్నారు.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక డార్లీన్, వెర్లిన్, ఇంకా కొంతమంది ఆర్డిస్ కిటికీలు చూస్తామని వచ్చారు. కాఫీ పెట్టాను. అందరూ ముందు గదిలో నిలబడ్డారు. డార్లీన్ కళ్లద్దాలు పెట్టుకుని, అద్దం మూలన, చలిని ఎంత ఆపుతుందో రాసిన స్టిక్కరు పైకి చదివింది. వెర్లిన్ చట్రం మీద వేలితో కొట్టి చూశాడు. "ఎంత ముందుచూపమ్మా ఆవిడది" అని డార్లీన్ కళ్లు తుడుచుకుంది, మనస్ఫూర్తిగానే. అంతా ఆ కిటికీని చాలా శ్రద్ధగా చూశారు. వాకిట్లో గూటి మీద ఎర్రపిట్ట వాలి, గింజ ఒలుచుకుని, తాపీగా తిని వెళ్లింది. కిటికీలోంచి ఎవరూ చూడలేదు.

వాళ్లని తప్పుపట్టలేను. కిటికీలోంచి చూసినవాళ్లకు ప్రోత్సాహమిచ్చే చట్టమేదీ ఇంకా రాలేదు. వచ్చినప్పుడు అది నిరుటి చూపులకు కూడా వర్తిస్తుందనే నమ్మకంతో, మా ఊరూ, బహుశా మీ ఊరూ, నిశ్చింతగా ఉన్నాయి.