మా ఆవిడ చేసిన గుండు పిల్లాడు

ఎనభై ఆరులో మా తిరుపతి బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. లెక్కల మాస్టర్ని కాబట్టి దాన్ని నా నెత్తిన పెట్టారు. శిక్షణకు వెళ్లొచ్చాక నేను సుద్దముక్క పట్టుకోవడం కూడా నామోషీగా భావించానని గిట్టనివాళ్లు అంటారు. నిజమే అనుకోండి.

చిత్తూరులో జిల్లా సైన్సు ఎగ్జిబిషన్ ఉందని తెలిసి ఒక వీడియో గేమ్ తయారుచేద్దామనుకున్నాను. బహుమతి మాట అటుంచండి. పెళ్లయిన నాటి నుంచి మా ఆవిడ మునిలక్ష్మి నన్ను ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. ఒక్క మంచి మాట ఆమె నోట అనిపించాలన్నదే నా పథకం. హెడ్మాస్టరు గారి కాళ్లావేళ్లా పడి, దసరా సెలవులకు కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి రిక్షాలో ఇంటికి తెచ్చాను. దారిలో ఇద్దరు ముగ్గురు, ఇంట్లో ఎవరికి బాగాలేదని పరామర్శించారు.

కథానాయకుణ్ణి సృష్టించాను. కిరీటం, కత్తి, అచ్చం నా మీసం లాంటి మీసం. అంతటి వీరుణ్ణి ఎనిమిది గడుల వెడల్పు, ఎనిమిది గడుల ఎత్తులో ఇరికించి టీవీలో మునిలక్ష్మికి చూపించాను.

"బొద్దింకకు కత్తెందుకు?" అంది.

వీరుడని చెప్పాను. ఆమె మీట నొక్కి వాణ్ణి గుంటలో పడేసింది. పండక్కి వచ్చిన వాళ్లమ్మ వరదమ్మను పిలిచి మరీ ఇంకోసారి పడేసింది. తల్లీకూతుళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

"సస్తే అయ్యో అనిపించొద్దా? వీడు సస్తే పీడ పోయినట్టుండాది."

నాకు ఒళ్లు మండింది. చేతనైతే నువ్వే చెయ్యమన్నాను. చేతగాక మళ్లీ నా మీసం దగ్గరికే వస్తుందని ధీమా. ఆమె పొయ్యి మీది చారు వాళ్లమ్మకు అప్పగించి నా పక్కన కూర్చుంది. కిరీటం తీయమంది, కత్తి తీయమంది. మీసం తీయమన్నప్పుడు నేను కాస్త తటపటాయించాను. చివరికి ఒక గుండు మిగిలింది.

"వీడు కొండమింద గుండు గీయించుకున్న పిల్లోడు. జనంలో వాళ్లమ్మ సెయ్యి ఇడిసినాడు. అమ్మ కాడికి తీసకపోవాల. సుట్టూ ఉండే పిల్లోళ్లకీ గుండ్లే పెట్టండి. మనూర్లో ఎవురి పిల్లోడు ఎవురో తెలిసేది యాడ?"

ఇంకో షరతు కూడా పెట్టింది. మీటల మీంచి చెయ్యి తీస్తే పిల్లాడు ఊరికే నిలబడకూడదట, వెనక్కి తిరిగి చూడాలట. మెమరీ దండగని వాదించాను. అన్నం వడ్డించనంది. వాడు వెనక్కి తిరిగేలా పెట్టాను.

ఎగ్జిబిషన్‌కు తల్లీకూతుళ్లు కూడా వచ్చారు. న్యాయనిర్ణేత సుందరరాజు గారు మా బల్ల దగ్గరికి రాగానే, గేమంతా నా బుర్రలోదేనన్నట్టు దర్జాగా ఆడి చూపించడానికి కూర్చున్నాను. కాసేపటికే పిల్లాడు జనంలో కలిసిపోయాడు. ఎటు చూసినా గుండ్లే, అన్నీ నేను పెట్టినవే. వాటిలో నా మాట వినే గుండు ఏదో నాకే తెలియలేదు. ఎడాపెడా మీటలు బాదాను. ఆటకు పెట్టిన గడువు అయిపోవస్తోంది.

"సెయ్యి తీయండి," అంది మునిలక్ష్మి వెనక నుంచి మెల్లిగా. "వాడే తిరిగి సూస్తాడు."

తీశాను. గుండ్లన్నీ ముందుకు పోతున్నాయి. ఒక్కటి ఆగి, వెనక్కి తిరిగింది.

"ఆడుండాడు నా తండ్రి," అని వరదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాణ్ణి వాళ్లమ్మ దగ్గరికి చేర్చాను. గడులు నింపినవాణ్ణి నేనే, అయినా ఏడుపొచ్చింది.

ఆ వెనక్కి చూడటం ఎవరి ఆలోచన అని సుందరరాజు గారు అడిగారు. నాదేనని చెప్పడానికే నోరు తెరిచాను.

"మా ఆవిడది సార్. నేను వద్దన్నాను," అన్నాను, హాలంతా వినబడేలా. అంత గర్వంగా నేను ఏనాడూ మాట్లాడలేదు.

మొదటి బహుమతి మాకే ఇచ్చారు. తిరుగు బస్సు పూతలపట్టు దాటాక, ఇప్పుడైనా నన్నొక మంచి మాట అనకూడదా అని సిగ్గు విడిచి అడిగాను. మునిలక్ష్మి బహుమతి కప్పు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఆలోచించింది.

"నేను వద్దన్నానని అందరి ముందరా సెప్పినారు సూడండి, అది బాగుండాది."

సెలవులన్నీ కంప్యూటర్‌తో కుస్తీ పట్టిన నాకు చివరికి దక్కిన మెప్పు అదొక్కటే. తిరుపతి చేరేదాకా దాన్నే తలచుకుంటూ మీసం దువ్వుకున్నాను.