రెండు మోకాళ్ల డిపాజిట్

మంగళవారం ఉదయం శశికళ వేసుకున్న ప్రణాళికలో బ్యాంకు లేదు. పదిన్నరకు అబిడ్స్‌లో కొత్త కళ్లజోడు తీసుకోవడం, అక్కడినుంచి లక్డీకాపూల్ ఆసుపత్రికి వెళ్లి మోకాళ్ల ఆపరేషనుకు తేదీ ఖాయం చేసుకోవడం, ఒంటిగంటకు ఇంటికి చేరడం, అంతే. ముప్పై నాలుగేళ్లు హైస్కూలులో చరిత్ర బోధించిన ఆమె, పదవీ విరమణ తరువాత కూడా రోజును పీరియడ్లుగానే విభజించుకునేది.

రెండు మోకాళ్లూ ఒకేసారి మార్పించుకుంటే ఐదు లక్షలు, అదీ మొత్తం ముందే కట్టాలి అన్నారు ఆసుపత్రివారు. విడివిడిగా అయితే ఒక్కో మోకాలికి మూడు లక్షలు. నాంపల్లి సుస్థిర సహకార బ్యాంకులో ఆమె వేసిన నాలుగు లక్షల డిపాజిట్‌కు మరో పదకొండు రోజుల్లో మూడేళ్లు నిండుతాయి. వడ్డీతో కలిపి ఐదు లక్షలకు నూట పద్నాలుగు రూపాయలు తక్కువగా వస్తుంది. ఆ నూట పద్నాలుగును ఆమె అప్పటికే ఒక కవరులో పెట్టి ఉంచింది. అప్పు అడగడమన్నది ఆమె చరిత్రలో లేదు.

ప్రణాళికను చెడగొట్టినవాడు భర్త రామచందర్. ఆయనను చెడగొట్టింది టీవీ.

"శశీ, అమెరికాల పెద్ద బ్యాంకు మునిగిందంట! రెండు దినాలల్ల ఖతం!"

"మునగనీయండి. మన పైసలు నాంపల్లిల ఉన్నయ్."

"గాడ మునిగినంక గీడ మునగదని గ్యారంటీ ఏంది? నీ మోకాళ్లు రెండు గా బ్యాంకులనే ఉన్నయ్ గద!"

గ్యారంటీ అన్న మాట ఆమె మనసులో నాటుకుంది. రాతలో లేని హామీని ఆమె ఏనాడూ నమ్మలేదు. ఒక కాగితం రాయించుకుంటే చాలు, కళ్లజోడుకు అరగంట ఆలస్యమవుతుంది, అంతే కదా అనుకుంది.

బ్యాంకు మేనేజరు రాజేందర్ ఒకప్పుడు ఆమె దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడు. ఆమె లోపలికి రాగానే, నలభై ఆరేళ్ల వయసులోనూ అప్రయత్నంగా లేచి నిలబడ్డాడు.

"మనకు గా బ్యాంకుతోని ఏం సంబంధం మేడమ్? మనం అప్పులిచ్చేదంత గీ గల్లీల కిరాణం దుకాణాలకు, ఆటోలకు. మీరేం ఫికర్ చెయ్యకున్రి."

"గదే రాసియ్యి రాజేందర్."

"నోటితోని చెప్తున్న గద మేడమ్."

"పానిపట్టు యుద్ధం గూడ నువ్వు నోటితోని బాగనే చెప్పినవ్. పరీక్షల ఏం రాసినవో నాకింక యాదికున్నది."

రాజేందర్ కాగితం తీశాడు. ఒక్కరికి హామీ రాసివ్వడం పద్ధతి కాదని, అందరికీ వర్తించేటట్టు బయట అంటించాలని సవరణ ప్రతిపాదించినది కూడా శశికళే. పది నిమిషాల్లో ప్రకటన ద్వారం పక్కన గోడ మీదికి ఎక్కింది: "విదేశములో బ్యాంకు మునిగిన విషయమై మా ఖాతాదారులు ఎంతమాత్రమును ఆందోళన చెందవలదు. మీ సొమ్ము భద్రముగా ఉన్నది."

దాన్ని మొదట పట్టించుకున్నది యాదవ్వ. బ్యాంకు ఎదుట పూలు అమ్ముకుంటూ, రోజుకు వంద చొప్పున అదే బ్యాంకులో దాచుకునే మనిషి. చదువు రాదు కనుక దారిన పోయేవాడి చేత చదివించుకుంది.

"ఫికర్ చెయ్యొద్దని రాసిన్రు, అవ్వా. పైసలు భద్రమేనంట."

"నేనెప్పుడు ఫికర్ చేసిన? అడగకముందే గిట్ల ఎందుకు రాసిన్రు?" యాదవ్వ పూలగంప దించింది. "మా ఆయన దవాఖానల ఉన్నప్పుడు గూడ ఫికర్ చెయ్యకమ్మా అన్నరు. తెల్లారి బండి తెచ్చుకోమన్నరు."

గంపను గోడవార పెట్టి, పాస్‌బుక్కును కొంగున చుట్టుకుని, ఆమె కౌంటరు ముందు నిలబడింది. ఆమె వెనుక కిరాణం షాపు యజమాని, అతని వెనుక ముగ్గురు ఆటోవాళ్లు. అరగంటలో వరుస గుమ్మం దాటి రోడ్డెక్కింది.

శశికళ బయట నిలబడి, ఇదంతా అనవసరమని నలుగురికి విడమరిచి చెప్పింది. "మరి మీరెందుకు వచ్చిన్రమ్మా పొద్దున్నే?" అని అడిగారు. బ్యాంకులను ముంచేది దొంగలు కాదు, వరుసలే అని ఆమె ఎన్నో పుస్తకాల్లో చదివింది. ఆ విషయం అక్కడున్న అందరికంటే ఆమెకే బాగా తెలుసు. తెలుసు కనుకనే వెళ్లి నలభై ఒకటో మనిషిగా నిలబడింది. డిపాజిట్ తియ్యడానికి కాదు, అవసరమైతే తియ్యడానికి వీలుగా మాత్రమే అని తనకు తాను చెప్పుకుంది.

మార్చి ఎండ అప్పటికే మాడ్చేస్తున్నది. టీచరు ఆ మోకాళ్లతో రోడ్డు మీద నిలబడటం చూడలేక రాజేందర్ టెంట్‌హౌసుకు ఫోను చేశాడు. షామియానా, ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక డ్రమ్ము నీళ్లు వచ్చాయి. పెళ్లి షామియానాలన్నీ బుక్కయిపోయాయి కనుక తెల్లది పంపారు. పట్టపగలు రోడ్డు పక్కన తెల్ల షామియానా, దాని కింద దిగులు ముఖాలతో కూర్చున్న పెద్దవాళ్లు: హైదరాబాదులో దీనికి ఒకటే అర్థం. ఆటోలు వేగం తగ్గించాయి. ఒకాయన చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

"ఎవరు చనిపోయిన్రన్నా?"

"మనిషి కాదు, బ్యాంకు."

ఆ మాట అబిడ్స్ చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. పన్నెండింటికి వరుస స్టేషన్ రోడ్డు మలుపు దాటింది.

అప్పటికీ శశికళ తియ్యవద్దనే అనుకుంటున్నది. పదకొండు రోజుల ముందు మూసేస్తే వడ్డీ రేటు తగ్గి, ఇరవై తొమ్మిది వేల చిల్లర పోతుందని ఆమె కుర్చీలోనే లెక్క కట్టింది. సరిగ్గా అప్పుడు వరుసలో ఆమెకు అయిదుగురి ముందు, భుజానికి పెద్ద సంచీతో, చెమటలు తుడుచుకుంటూ ఒకావిడ కనిపించింది. కాపలావాడు పక్కనుంచి పోనివ్వనన్నందుకు వాదించి వాదించి చివరికి వరుసలోనే నిలబడినట్టుంది.

"గామె ఎవరో ఎర్కేనా? రజని. మేనేజర్ పెండ్లాం," అన్నది యాదవ్వ, ఎప్పుడో తీసుకున్న డబ్బు కొంగున ముడి వేసుకుని షామియానా కిందే కూర్చుని చూస్తూ.

"ఔనా!"

"ఔ. ఎంత సంచి తెచ్చిందో జూడున్రి. ఇంటోళ్లే మూట గట్టుకుంటుంటే మనకేం మిగుల్తది?"

శశికళ హ్యాండుబ్యాగులోంచి డిపాజిట్ రసీదు బయటికి తీసి, డిపాజిట్లు మూసేవాళ్లను విడిగా పంపుతున్న మేనేజరు గదిలోకి నడిచింది.

రాజేందర్ ఎంతగానో బతిమాలాడు. "మేడమ్, పదకొండు దినాలు. ఆగున్రి మేడమ్. మీ కాళ్లు మొక్కుత."

"నా కాళ్ల గురించే వచ్చిన. సంతకం పెట్టు."

అతను సంతకం పెట్టాడు. ఇరవై వేలు దాటిన డిపాజిట్‌ను నగదుగా ఇవ్వకూడదన్న నియమం వల్ల చెక్కు రాసిచ్చాడు. ఏ బ్యాంకు మీద నమ్మకం పోయి డబ్బు తీసుకున్నదో, అదే బ్యాంకు ఇచ్చిన కాగితం ఆమె చేతిలో ఉంది. ఆ సంగతిని ఆమె ఇంకా పూర్తిగా జీర్ణించుకోకముందే రజని లోపలికి వచ్చి, బల్ల మీద సంచీ పెట్టి, అందులోంచి నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ తీసింది.

"రెండు గంటలు లైన్ల నిలబెట్టిన్రు! పొద్దున డబ్బా మర్చిపోయినవని తెచ్చిన. పప్పుచారు సల్లారిపోయింది."

గదిలో బెండకాయ వేపుడు వాసన నిండిపోయింది. శశికళ చెక్కును బల్ల మీద పెట్టింది.

"రాజేందర్, ఇది రద్దు చెయ్యి."

"కంప్యూటర్ల క్లోజ్ అయిపోయింది మేడమ్. మళ్ల ఏస్తె కొత్త డిపాజిట్. మూడేండ్లు."

ఆమె చూపు తప్పించి గోడవైపు తిరిగింది. అక్కడ లక్ష్మీదేవి క్యాలెండరు ఉంది. ఫ్యాను గాలికి అది పైకి లేచినప్పుడల్లా వెనుక ఒక బోర్డు కనిపిస్తున్నది. ఐదు లక్షల వరకు ప్రతి డిపాజిటుదారుకూ బీమా రక్షణ ఉన్నదని అందులో రాసి ఉంది. బోర్డు పెట్టాలని నియమం ఉంది. దాని మీద క్యాలెండరు తగిలించకూడదన్న నియమం మాత్రం ఎవరూ రాయలేదు. ఉదయం నుంచి ఆమె అడుగుతున్న రాత మూడేళ్లుగా ఆ గోడ మీదనే ఉంది.

సాయంత్రానికి వరుస దానంతట అదే కరిగిపోయింది. అడిగిన ప్రతివారికీ బ్యాంకు డబ్బు ఇస్తూనే ఉంటే తీసుకోవడంలో ఎవరికీ ఉత్సాహం మిగలలేదు. మర్నాడు యాదవ్వ తన ముడి తెచ్చి మళ్లీ ఖాతాలో వేసింది. ఆమెది సేవింగ్స్ ఖాతా కనుక పోయింది ఎండిన పూలగంప ఒక్కటే. పరిహారం గురించి ఆమెను ఎవరూ అడగలేదు.

రాత్రి రామచందర్ టీవీ ముందునుంచి సంబరంగా కేక వేశాడు. "శశీ, విన్నవా? గాడ సర్కారే పూచీ పడ్డదంట! మునిగిన బ్యాంకుల ఒక్కనిది ఒక్క డాలర్ గూడ పోలేదంట! ఊకెనే పరేషానైనం!"

శశికళ కొత్త కళ్లజోడు లేకుండానే ఆసుపత్రి ఫారం నింపుతున్నది. "రెండు మోకాళ్లు" అన్నచోట "రెండు" కొట్టేసి, ముప్పై నాలుగేళ్లు నల్లబల్ల మీద రాసిన అదే గుండ్రటి దస్తూరీతో "ఎడమ" అని రాసింది.