పద్నాలుగు కప్పులు

అడగనిది చెప్పకపోతే మోసమవుతుందా? పదకొండేళ్లుగా ఫవ్వాజ్‌ను పీడిస్తున్న సందేహం ఇది. అప్పట్లో ఇర్బిద్ సంతలో తన నీలం పికప్ బండిని ముక్కూమొహం తెలియని మనిషికి అమ్మాడు. స్పేర్ టైరు ఇంట్లోనే ఉండిపోయింది. కొన్నవాడు అడగలేదు, ఇతను చెప్పలేదు. "నా స్నేహితుడొకడు ఇలా చేశాడండీ" అంటూ ఇమామును మూడుసార్లు అడిగాడు. మూడోసారి ఆయన, "నీ స్నేహితుణ్ణి టైరు ఇచ్చేయమను ఫవ్వాజ్, నీకు నిద్ర పడుతుంది" అన్నాడు. ఇవ్వాలంటే మనిషి దొరకాలిగా!

ఆ శుక్రవారం ఉదయం పథకం చిన్నదే. నమాజు కాగానే సాల్ట్ పట్టణం వెళ్లి, ఫోనులో బేరం కుదిరిన తెల్ల కారు తోలుకురావడం. అమ్మేవాడు డాక్టరట, దేశం విడిచి వెళుతున్నాడట. బయానాగా ఫవ్వాజ్ మూడు వందల దీనార్లు ఫోనులోనే పంపేశాడు. అవి భార్య ఇన్సాఫ్ ఉమ్రా యాత్రకని గాజులమ్మి దాచుకున్నవి.

"కళ్లతో చూడకుండానే పంపారా?" అంది ఇన్సాఫ్.

"మాటమాటకీ అల్లా మీద ఒట్టేశాడే!"

"మా తమ్ముడూ వేస్తాడు. వాడు పట్టుకెళ్లిన నిచ్చెన ఇంతవరకూ రాలేదు."

మిగతా ధర తగ్గించుకోవచ్చని ఫవ్వాజ్ ఐదుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకెళ్లాడు. డాక్టరు చెప్పిన చోట ఇల్లుంది, వాకిట్లో కారూ ఉంది. ఇంటాయన అబూ గైస్, తలగుడ్డలు చుట్టిన ఆరుగుర్ని చూసి ఏదో తగువు తీర్చడానికి వచ్చారనుకుని కాఫీ పోశాడు. కోరిక తీరుస్తానని ఇంటాయన మాటిచ్చేదాకా అతిథి కాఫీ తాగకూడదన్న ఆచారం ప్రకారం వాళ్లు కప్పులు తాగకుండా కింద పెట్టారు. అబూ గైస్ కూడా మర్యాద తప్పలేదు.

"తాగండి బాబూ! మీరేం కోరి వచ్చారో అది ఇచ్చేసినట్టే!"

ఆరుగురూ తాగారు. ఫవ్వాజ్ మూతి తుడుచుకుని, "అయితే తాళంచెవి ఇప్పించండి డాక్టరు గారూ" అన్నాడు.

"ఏ తాళంచెవి? ఏ డాక్టరు? నేను రాళ్లు చెక్కుకునేవాణ్ణి!"

"పెద్దల ముందు మాటిచ్చారుగా!"

"కారు అడుగుతారని నేను కలగన్నానా?"

గొడవ ముదురుతుండగా ఇంకో ఏడుగురు దిగారు. వాళ్లూ అదే కారుకి, అదే డాక్టరుకి బయానా పంపినవాళ్లే. మళ్లీ కాఫీ వచ్చింది, మళ్లీ కప్పులు కిందికి దిగాయి. ఈసారి అబూ గైస్ రెండు చేతులతో తన నోరు మూసుకున్నాడు.

డబ్బు పోయిందని ఫవ్వాజ్‌కి అర్థమైంది. ఇన్సాఫ్‌కి మొహమెలా చూపించాలి? అంతలో ఏడుగురిలో ఒక ముసలాయన, "డబ్బు పంపినప్పుడు ఫోను ఎవరి పేరు చూపించిందయ్యా?" అన్నాడు.

"లువై మర్జూక్. తన గుమాస్తా అన్నాడు డాక్టరు" అని ఫవ్వాజ్ చెప్పాడు.

అబూ గైస్ ఎగిరి లేచాడు. "తేనె అమ్మే మర్జూక్ కొడుకు! పోయిన నెల నా కారుకి ఫోటోలు తీస్తుంటే ముచ్చటపడుతున్నాడనుకున్నా!"

పద్నాలుగుమందీ మర్జూక్ ఇంటికి నడిచారు. పద్నాలుగు కప్పులు నిండాయి, పద్నాలుగూ కిందికి దిగాయి. ఫవ్వాజ్ మనసు ఊరుకోలేదు. చెప్పకుండా మాట తీసుకుంటే అది ఇంకో స్పేర్ టైరు కాదా?

"మర్జూక్ గారూ, ముందు మా సంగతి వినండి..."

"వినేదేముంది! ఇంతమంది పెద్దలు నా గడప తొక్కారు. తాగండి, ఇచ్చేసినట్టే!"

"మీరు వింటే..."

"ఇచ్చేసినట్టే అన్నానా!"

అప్పుడు చెప్పారు. పక్క గదిలోంచి "అల్లా మీద ఒట్టు, ఒక్కచోట గీత కూడా లేదు" అని ఫోనులో ఎవరితోనో అంటున్న గొంతు అందరికీ వినిపించింది. మర్జూక్ లేచి వెళ్లి కొడుకు చెవి పట్టుకుని తీసుకొచ్చాడు. కాఫీ చల్లారకముందే అందరి డబ్బూ వెనక్కి వచ్చింది. పద్నాలుగు కప్పులూ ఒక్కసారే లేచాయి.

తిరిగివస్తూ అబూ గైస్ ఇంటి వెనక ఫవ్వాజ్ ఆగిపోయాడు. అక్కడ ఒక నీలం పికప్ ఉంది.

"కొన్నరోజే టైరు పేలింది" అన్నాడు అబూ గైస్. "చూస్తే స్పేరు లేదు. ఎండలో పన్నెండు కిలోమీటర్లు నడిచా. అమ్మినవాణ్ణి ఇప్పటికీ తలుచుకుంటా."

మరుసటి శుక్రవారం ఫవ్వాజ్ ఒక్కడే వచ్చి కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ముందు సంగతి చెప్పు" అన్నాడు అబూ గైస్.

ఫవ్వాజ్ చెప్పి, బయటినుంచి టైరు దొర్లించుకొచ్చాడు. అబూ గైస్ వంగి టైరును బొటనవేలితో నొక్కాడు.

"తాగు" అన్నాడు. "గాలి మాత్రం తక్కువుంది."